పుష్పాబాయి ఉన్నదా?

వానాకాలంలో తలుపులు ఉబ్బుతాయని అందరికీ తెలుసు. తెలిసి కూడా జూన్ దాకా ఊరుకుని జూలైలో గొణుక్కోవడం మనకు అలవాటు. సూర్యాపేటలో మా గోడకు ఆనుకుని ఉన్న సత్యానందం పంతులు ఇంటి తలుపు మరీ అన్యాయం. నాలుగు చినుకులు పడ్డాయంటే అది తలుపు కాదు, గోడ. లోపలి నుంచి ఒకరు గుంజాలి, బయటి నుంచి ఒకరు తన్నాలి. ఇంటికొచ్చిన చుట్టాన్ని "జర తన్నుండ్రి" అని అడగడం బాగుండదని పంతులు భార్య మరియమ్మ సగం పనులు తలుపు తీయకుండానే చక్కబెట్టేది. కూరగాయలు కిటికీలోంచి, ఉత్తరాలు కింది సందులోంచి, మాటలు చెక్కల మధ్య చీలికలోంచి. వడ్రంగిని పిలిచి కాస్త చిత్రిక పట్టిస్తే పోయేదానికి, "ఎండకాలం వస్తే అదే సదురుకుంటది" అని పంతులు పదకొండేళ్ళుగా వాయిదా వేస్తున్నారు.

ఆ తలుపు సరిగ్గా తెరుచుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

1949 ఆగస్టు, మొదటి శనివారం పొద్దున కింది సందులోంచి ఒక ఉత్తరం లోపలికి వచ్చింది. పంతులు కోడలు పుష్పాబాయి సగం అల్లిన జడ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కవరు చింపి, నిలబడే చదివింది. ఆమె మిషన్ బడిలో టీచరు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. హైదరాబాదు పాస్‌పోర్టు కచేరీ నుంచి వచ్చింది. తెలుగులో దాని సారాంశం ఇది:

"మీ పాస్‌పోర్టు దరఖాస్తు విషయమై జూలై 17న మీ ఇంటి దగ్గర విచారించగా, పుష్పాబాయి కలరాతో చనిపోయినట్టు ఇంటివారే చెప్పారు. కనుక దరఖాస్తు మూసివేశాం. ఇందులో పొరపాటు ఉంటే ఆ మాట చెప్పినవారే ఇరవై రోజుల్లోగా మీ ఊరి ఠాణాకు వచ్చి సరిదిద్దాలి."

తను చచ్చిపోయినట్టు తన పేరు మీదే వచ్చిన ఉత్తరాన్ని పుష్పాబాయి రెండుసార్లు చదివింది. మడిచి బైబిలులో పెట్టింది. జడ పూర్తిగా అల్లుకుంది.

"అత్తమ్మా, చాయ్ ఉన్నదా?" అని లోపలికి వెళ్ళింది.

ఆ నిమిషం నుంచి ఆ ఇంట్లో ఆమె ఎవరినీ నమ్మలేదు.

ఆమెకు ఇంగ్లండులో ఎం.ఎడ్. సీటు వచ్చింది. మాస్టర్ డిగ్రీ, ఏడాది చదువు. ఖర్చు మిషన్ వాళ్ళది. సెప్టెంబరు పదిహేడున బొంబాయిలో ఓడ ఎక్కాలి. మా వాడకట్టులో అంతవరకు ఓడ ఎక్కినవాళ్ళు లేరు, అయినా ఓడలో ఏం తినాలో ఏం తినకూడదో అందరూ చెప్పారు.

ఇంట్లో వాళ్ళ అభిప్రాయాలు వేరు. మామ సత్యానందం పంతులు ముప్పయ్యేళ్ళు బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. "పాఠాలు ఎట్ల చెప్పాల్నో నేర్పే సదువంటనా? నేను ముప్పయ్యేండ్లు చెప్పిన. ఎట్ల చెప్పాల్నని ఎవ్వన్ని అడుగలే" అన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలుసు.

అత్త మరియమ్మ మాత్రం అభ్యంతరం చెప్పలేదు. "పరదేశం నేను గూడ పోయొచ్చిన" అంది. ఆమె పుట్టిల్లు కోదాడ. నిజాం రోజుల్లో కోదాడ దాటితే ఇంకో సర్కారు. "జగ్గయ్యపేటకు పోతుంటే సుంకం వసూలు జేసే కరోడ్‌గిరి నాకా కాడ జవాను ఊరగాయ కుండల చెయ్యి పెట్టి సూసిండు. కడుక్కోని చెయ్యి. ఇంగ్లండు దాక ఎన్ని నాకాలుంటయో ఏమో, మూత గట్టిగ కట్టాలె బిడ్డా" అని చెప్పి ఆ రోజు నుంచే కారం దంచడం మొదలుపెట్టింది.

ఇక మొగుడు దేవదాసు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం పొద్దున వెళ్తాడు. గొడుగు కొనడానికి నాలుగు వారాలు ఆలోచించే మనిషి, పెళ్ళాం సముద్రం దాటుతానంటే "పో, మంచిగ సదువుకో" అని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. అప్పుడు పుష్పాబాయి సంతోషపడింది. ఇప్పుడు ఆ నిమిషం గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండింది. ఏ మొగుడైనా అంత తొందరగా ఒప్పుకుంటాడా?

ఆమెకు ఆ చదువు ఎందుకో కూడా చెప్పాలి. ఆమె బడిలో ఒకటో తరగతి పిల్లలు పేరు పిలిస్తే పలకరు. ఒకసారి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తే నలభై మంది ఎదురుగా కూచుని ఉన్నారు, పట్టీ ప్రకారం ఒక్కరూ రాలేదు. "పిల్లలకు చెముడా?" అని ఆయన అడిగి వెళ్ళిపోయారు. మిగతా టీచర్లు తలలు లెక్కపెట్టి హాజరు వేసుకున్నారు. పుష్పాబాయి ఒక్కతే దాన్ని మనసులో పెట్టుకుంది.

పాస్‌పోర్టు కోసం విచారణకు మనిషి వస్తాడని ఆమెకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు. చెబితే మామ ఆ వచ్చినవాణ్ణి కూచోబెట్టి తన ముప్పయ్యేళ్ళ సర్వీసు వినిపిస్తాడని భయం.

జూలై 17 ఆదివారం. ఆ రోజు చర్చి గుడికి రానివాళ్ళెవరని ఆమె లెక్క తీసింది. మామ రాలేదు; మక్కకంకులు ఆరు తిని కడుపు పట్టుకుని పడుకున్నారు. మొగుడు ఆలస్యంగా వచ్చాడు. బస్సు చెడిపోయిందని చెప్పాడు. అత్త ప్రతి ఆదివారం లాగే మూడో పాటకు లేచి పొయ్యి మీది పప్పు చూడ్డానికి ఇంటికి వెళ్ళి ప్రార్థనకు తిరిగొచ్చింది. అది లెక్కలోకి రాదు.

ముందు మామ దొరికారు. వరండాలో పళ్ళు తోముకుంటున్నారు.

"మామయ్యా, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ పాత కవరుకు బువ్వ మెతుకు ఎందుకున్నది?"

"పోస్టాఫీసోళ్ళు అంటిస్తరేమో."

"మెతుకు మీద పప్పు గూడ ఉన్నది."

పంతులు పుల్ల నోట్లోంచి తీసి చూసుకున్నారు. "... ఏం పప్పు?"

"కందిపప్పు. మనింట్ల వండేదే."

ఇక దాచి లాభం లేదు. వచ్చిన ఉత్తరాలన్నీ అన్నం ఉడికే కుండ ఆవిరి మీద పట్టి, విప్పి, చదివి, మెతుకుతో అంటించానని ఒప్పుకున్నారు. "మూడే చదివిన. ఇంగ్లీషు గట్టిగున్నది, సగం సమజ్ కాలే. గని ఒకటి అడుగుత. ఆ ప్రొఫెసరు పరాయి మొగోడు. నిన్ను డియర్ అని రాస్తడేంది?"

"అందరికి గట్లనే రాస్తరు మామయ్యా. అది మర్యాద."

"నాకెవ్వడు రాయలే" అన్నారు పంతులు, కొంచెం బాధగా.

"పదిహేడో తారీఖు ఆదివారం పొద్దుగాల మనింటికి ఎవరన్న వచ్చిండ్రా?"

"ఆ రోజా? నేను దొడ్డికి పదకొండుమార్లు పోయిన. దర్వాజ కాడికి గవర్నర్ వచ్చినా నాకు ఎరుక లేదు."

అది నిజమే. మధ్య గోడ పల్చన, ఆ పదకొండుకూ నేనే సాక్షిని. అయినా పుష్పాబాయి నమ్మలేదు. ఉత్తరాలు విప్పినవాడికి మనిషిని చంపడం ఎంతసేపు అనుకుని, సగం పూట బడి అవగానే మిర్యాలగూడ బస్సెక్కింది.

మిల్లులో తవుడు పొగమంచులా కమ్ముకుని ఉంది. హమాలీలు, బండివాళ్ళు, చివరికి ఎద్దులు కూడా తుమ్ముతున్నాయి. ఒక్క దేవదాసు మాత్రం కనుబొమలు తెల్లబడి, చెవిలో పెన్సిలు పెట్టుకుని, తుమ్మకుండా నిలబడ్డాడు. అతను ఎప్పుడూ తుమ్మడు. అదీ అనుమానించదగ్గ సంగతేనని ఆమెకు ఆ రోజే తోచింది.

అతనికన్నా ముందు మిల్లు మేనేజరు జనార్దన్ ఎదురొచ్చాడు. "ఏమమ్మా, బెజవాడకు పోతున్నవంట, వైద్యం ఏడాది పడ్తదంట గద. జర పైలం" అన్నాడు, ఒక అడుగు దూరంగా నిలబడి.

దేవదాసు ఆమెను బస్తాల చాటుకు లాక్కెళ్ళాడు.

"ఏం వైద్యం?" అంది ఆమె.

"మెల్లగ మాట్లాడు. మరేం చెప్పాలె? నా పెండ్లాం పెద్ద సదువుకు పోతుందంటే నువ్వెందుకు సదువలే అంటరు. రోజు అడుగుతరు. రోగమంటే ఒక్కసారి అడిగి ఊకుంటరు."

"అంటే నన్ను రోగిని చేసినవ్. సంపింది గూడ నువ్వేనా?"

"సంపుడేంది? రోగం దాకనే చెప్పిన. అంతకు ముంగటికి పోలే."

ఆమె ఉత్తరం చేతిలో పెట్టింది. దేవదాసు ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటూ చదివాడు. 'కలరా' దగ్గర ఆగిపోయాడు. తవుడు కిందనే మొహం పాలిపోవడం కనిపించింది.

"ఇంటికి పోదాం పా" అన్నాడు. సూర్యాపేట దాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

తప్పు చేసినవాడే అలా ఉంటాడని పుష్పాబాయి కిటికీ వైపు తిరిగి కూచుంది.

మర్నాడు గుడి నుంచి రాగానే ఆమె ముగ్గురినీ నడిమింట్లో కూచోబెట్టి ఉత్తరం చదివి, తెలుగులో చెప్పింది. నేను గోడకు ఇవతల చెప్పు కుట్టుకుంటున్నాను. కుట్టేదేమీ లేదు, కానీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

"ఇంటివారే చెప్పారంట. ఈ ఇంట్ల నన్ను సంపిందెవరు?"

"నేనైతే కాదు" అన్నారు పంతులు. "వీడే అయ్యుంటడు. బెజవాడ దవాఖాన అన్నోడు స్మశానం అనడా?"

"నాయినా, నువ్వు ఉత్తరాలు విప్పుతున్నవంట గద!"

"విప్పుడు వేరు, సంపుడు వేరు!"

"ఇష్టం లేకపోతే ముంగటనే చెప్పొద్దా?" అంది పుష్పాబాయి. "పో పో అని నవ్వుకుంట చెప్పి, ఎనుకకెళ్ళి కాళ్ళు గుంజుడా? ఎవరో చెప్పుండ్రి. దండం పెడ్త. తిట్ట గూడ తిట్ట."

చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"నేనే సంపిన" అంది మరియమ్మ. "ఊకె ఒర్రకు. వాడకట్టంత వింటది."

వాడకట్టంతా వినలేదు. నేనొక్కణ్ణే విన్నాను.

"అత్తమ్మా, నువ్వా?"

"పప్పు కింద మంట తీసి వస్తుంటే తలుపు కొట్టిండ్రు. సందుల కెళ్ళి సూసిన. ఖాకీ అంగీ. చేతుల కాయితం. నీ పేరు, నీ మొగని పేరు, నీ వయసు, మూడూ సదివిండు. కాయితంల పేరు రాసుకొచ్చినోడు పెండ్లికి పిలువనీకి వస్తడానే? పుష్పాబాయి ఉన్నదా అన్నడు. సచ్చిపోయింది అన్న. ఎట్ల అన్నడు. కలరా అన్న. కలరా అంటే లోపటికి రారు."

"పాస్‌పోర్టు కోసం వచ్చిండు అత్తమ్మా!"

"నాకేమెరుక? వీనికోసం వచ్చినోళ్ళు గూడ గట్లనే సదివిండ్రు."

వీడంటే దేవదాసు. రెండేళ్ళ కింద, రజాకార్ల రోజుల్లో, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్ళకు అర్జీలు రాశాడని అతని పేరు కాగితం ఎక్కింది. పుష్పాబాయి ఆ ఏడాది హైదరాబాదు హాస్టలులో బి.టి. చదువుతోంది. మొగుణ్ణి కోదాడలో మేనమామ ఇంట్లో దాచారని మాత్రమే ఆమెకు తెలుసు.

"ఐదు మాట్ల వచ్చిండ్రు" అంది మరియమ్మ. "ఐదు మాట్ల సచ్చిపోయిండనే చెప్పిన. కడుపుల పుట్టినోన్ని. ఏడ్చి చెప్తే నమ్ముతరు, ఏడ్చిన. నీకు గూడ జర ఏడ్చిన. ఎల్లిపోయిండు. నీకు చెప్తే పరేషానయితవని చెప్పలే."

చాటలో బియ్యం మళ్ళీ చప్పుడు చేశాయి. తర్వాత పుష్పాబాయే అడిగింది. "ఎవరడిగినా సచ్చిపోయిండ్రనే చెప్తవా అత్తమ్మా?"

"అందరికెందుకు చెప్త? మనోళ్ళకే చెప్త. పక్కింటి వీరేశం ఇల్లు ఏదని అడిగితే, అగో గదేనని సూపెట్టిన."

ఆ వీరేశాన్ని నేనే. తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాని. 1357 ఫసలీలో, అంటే ఆ రజాకార్ల రోజుల్లోనే, నన్ను రెండు రోజులు ఠాణాలో కూచోబెట్టారు. ఇల్లు ఎవరు చూపించారా అని ఏడాదిన్నరగా ఆలోచిస్తూ, నూనె అమ్మే సత్యనారాయణతో మాట్లాడటం మానేశాను.

గోడ అవతల పుష్పాబాయి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. కానీ ఉత్తరం ఇంకా చేతిలోనే ఉంది. చెప్పినవారే వచ్చి సరిదిద్దాలి. పుష్పాబాయి ఆ మాట మళ్ళీ చదవగానే మరియమ్మ లేచి నిలబడింది.

"ఠాణాకా? నేను రాను."

"ఒక్క మాట చెప్పి రావాలె, అంతే."

"అబద్ధం ఆడిన అంటే, ఇంకేమేం ఆడినవ్ అంటరు. వీని సంగతి తీస్తరు. సంఘపోళ్ళను ఇప్పుడు గూడ పట్టుకపోతనే ఉన్నరు. సచ్చినోడు మంచిగున్నడు, ఎవ్వరు అడుగుత లేరు. వీన్ని నేను మళ్ళ బతికియ్య."

"మరి నన్ను సంపినట్టే ఉంచుతవా?" అంది పుష్పాబాయి. అంతటితో ఆగితే బాగుండేది. "కొడుకును కాపాడనీకి సంపినవ్. కోడల్ని ఆపనీకి సంపినవ్. నాకు ఎరుకయింది."

మరియమ్మ చాట తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

సోమవారం పొద్దున చూస్తే ఇంట్లో లేదు. దంచిన కారం డబ్బా మూత గుడ్డతో గట్టిగా కట్టి పుష్పాబాయి పెట్టె మీద పెట్టి ఉంది. అంత కోపంలోనూ మూత కట్టడం మరిచిపోని మనిషి ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పుష్పాబాయి బడికి చీటీ రాసి కోదాడ బస్సెక్కింది.

కోదాడలో మరియమ్మ తమ్ముడు గోపయ్య అరుగు మీదే ఎదురయ్యాడు. మిరపకాయలు కొని నిల్వ చేసే మనిషి. "రా అమ్మాయ్. మీ అత్త పొద్దుటి నుంచి మిరపకాయల గదిలో కూచుంది. అన్నానికి రాదు, మాట్లాడదు. లోపలి నుంచి తుమ్ములు వినపడుతున్నాయి కాబట్టి ఉందనుకుంటున్నాం" అన్నాడు.

గది నిండా గోనెబస్తాలు. వాటి వెనక గోడకు ఆనుకుని మనిషి పడుకునేంత సందు. మరియమ్మ అక్కడ కూచుని ఉంది.

"గీడనే పన్నడు వాడు. పదకొండు నెలలు" అంది తలెత్తకుండా. "బయట బూట్ల సప్పుడైతే తుమ్మొద్దు. తుమ్మకుంట ఉండుడు నేర్సుకున్నడు."

పుష్పాబాయి పక్కన కూలబడింది. వెంటనే తుమ్మింది. మరియమ్మ కూడా తుమ్మింది. ఇద్దరి కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి. అవి మిరపకాయల వల్లనే అనుకోవడానికి ఇద్దరికీ వీలుగా ఉంది.

"నిన్న గట్ల అనొద్దుండె అత్తమ్మా."

"అన్నవ్ గద. మల్ల ఏం?"

"నువ్వు ఠాణాకు రావొద్దు. నేను ఇంగ్లండ్ పోను. గీ మాట చెప్పనీకే వచ్చిన."

మరియమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని కోడలి వైపు అనుమానంగా చూసింది. "పోక? కారం గూడ దంచితి. అసలు ఏం నేర్సుకుందామనుకున్నవ్ గాడ? పాఠాలు చెప్పుడు నీకొచ్చు గద."

"పొద్దుగాల పేర్లు పిలుస్త. ఎవ్వరు పలుకరు."

"చెప్పినవ్ ఒకసారి."

"ఒకటి చెప్పలే. సక్కుబాయి అని ఆరేండ్ల పిల్ల ఉన్నది. నా ముంగటనే కూసుంటది. పట్టీ సూసి సక్కుబాయి అని పిలిస్తే, లేసి నిలవడి చేతులు కట్టుకోని, 'సక్కుబాయి సచ్చిపోయింది టీచర్' అంటది."

మరియమ్మ చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది.

"రోజు అంటది. వాళ్ళమ్మ నేర్పిందంట, కాయితం సూసి పేరు సదివితే గట్ల చెప్పాల్నని."

"వాళ్ళమ్మ మంచి పనే చేసింది" అంది మరియమ్మ మెల్లగా.

"మంచి పనే. నువ్వు చేసినట్టే. గని అత్తమ్మా, ఆ పిల్ల ఉన్నా అని ఎప్పుడనాలె? అనుడు దానికి ఎవరు నేర్పాలె? నాకు రాదు. ఇంగ్లండ్‌ల బాంబులు పడ్డ ఊర్లున్నయి. గాడి పిల్లలు గూడ గిట్లనే బెదిరిండ్రంట. ఆళ్ళకు సదువెట్ల చెప్పిండ్రో సూసొద్దామని. అంతే."

బయట గోపయ్య బండి ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. మరియమ్మ ఆ సందును, గోడ మీద కొడుకు తల ఆన్చిన చోట పడిన జిడ్డు మరకను చాలాసేపు చూసింది.

"బస్సెన్నిటికి?" అంది.

"ఎటు?"

"ఎటేంది, సూర్యాపేటకు. సంపింది నేనే గద, లేపుడు గూడ నేనే లేపాలె."

మర్నాడు, కబురందుకుని దేవదాసు మిల్లు నుంచి దిగాక, అందరం ఠాణాకు వెళ్ళాం. పుష్పాబాయి బతికే ఉందని చెప్పడానికి పొరుగువాడి సాక్ష్యం కావాలన్నారు. ఇల్లు చూపించిన సంగతి మనసులో పెట్టుకోకుండా నేనూ వెళ్ళాను. పెట్టుకున్నాను, కానీ వెళ్ళాను.

ఠాణా అధికారి అమీన్ సాబ్ కుర్చీలో ఉన్నాడు. "ఏమ్మా, ఏం పని?"

మరియమ్మ దారి పొడుగునా ఒకే మాట కూడబెట్టుకుని వచ్చింది. "ఇద్దర్ని సంపిన. ఒప్పుకుందామని వచ్చిన" అంది.

తలుపు దగ్గర జవాను తుపాకీ సర్దుకున్నాడు. దేవదాసు అడ్డం పడి ఉత్తరం చూపించాడు. అమీన్ సాబ్ చదివి, పాత దఫ్తరు తెప్పించాడు. అది ఉర్దూలో ఉంది. పంతులు ముందుకొంగి, అందరికీ వినపడేలా చదివారు. "దేవదాసు వల్ద్ సత్యానందం. కలరా. ఫౌత్." కొడుకు చనిపోయాడన్న మాటను అంత చక్కని ఉచ్చారణతో చదివిన తండ్రి ఇంకొకరు ఉండరు.

"ఈయనేనా ఆ దేవదాసు?"

మరియమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నా కొడుకే" అంది. "బతికే ఉన్నడు. నేనే అబద్ధం ఆడిన. ఏమన్న జేస్తే నన్ను జేయుండ్రి."

అమీన్ సాబ్ దేవదాసును పైనుంచి కిందకు, కిందనుంచి పైకి చూశాడు. జుట్టులో ఇంకా తవుడు ఉంది. "ఏం పని జేస్తవ్?"

"మిల్లుల గుమాస్తా."

"మిల్లులనే ఉంటవా?"

"శనారం దాక."

అమీన్ సాబ్ కలం ఇంకులో ముంచాడు. ఆ కలం కాగితం మీద ఆనేలోపు మరియమ్మ వయసు పదేళ్ళు పెరిగింది. "ఆ కేసు పాత సర్కారుది. పాత సర్కారే పోయింది" అని, 'ఫౌత్' అన్న మాట కొట్టేసి పక్కన 'జిందా', అంటే బతికున్నాడని, రాశాడు. రెండో కాగితం మీద కోడలి సంగతీ రాసి, మరియమ్మ వేలిముద్రలు తీసుకున్నాడు.

"ఇంకెవరినన్న సంపినవా?" అన్నాడు నవ్వుతూ.

మరియమ్మ నిజంగానే ఆలోచించింది. చుట్టూ చూసింది. పంతులు మీద చూపు ఆగింది.

"ఈయన్ను సంపలే" అంది. "ఈయన్నెవ్వరు అడుగలే."

అందరూ నవ్వారు. పంతులు నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు నేనొక్కణ్ణే గమనించాను.

పదిరోజులకు, ముసురు పట్టిన ఒక పొద్దున, మళ్ళీ తలుపు చప్పుడైంది. అదే ఖాకీ చొక్కా, అదే కాగితం. నేను మా కిటికీలోంచి చూస్తున్నాను.

"పుష్పాబాయి, భర్త దేవదాసు, వయసు ఇరవై ఏడు. ఉన్నదా?"

లోపల పుష్పాబాయి చీలిక దాకా వచ్చిందట, పలకబోయిందట. మరియమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చెప్పినవాళ్ళే సరిదిద్దాలి. బయట ఆ మనిషి రెండోసారి అడిగాడు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మూడోసారి అడగబోతుండగా చెక్కల మధ్య నుంచి గొంతు వచ్చింది. అంత సన్నటి గొంతు మరియమ్మకు ఉందని నాకు తెలియదు.

"ఉన్నది."

ఊపిరి తీసుకుంది. ఈసారి వాడకట్టంతా విన్నది.

"ఉన్నది! ఈడనే ఉన్నది! నా కోడలే!"

"అయితే తలుపు తీయమ్మా, సంతకం కావాలె."

"తీస్త బిడ్డా. నువ్వు అటుకెళ్ళి జర తన్ను."

రెండేళ్ళుగా మా ఊళ్ళో ఖాకీ వాళ్ళు చాలా తలుపులు తన్నారు. ఇంటివాళ్ళు అడిగితే తన్నడం అదే మొదటిసారి. అతను బూటు చూసుకుని, ఎందుకైనా మంచిదని మెల్లగా తన్నాడు.

సెప్టెంబరులో పుష్పాబాయి వెళ్ళింది. ఊరగాయ కుండకు మూడు మూతలు. బస్సు కదిలేటప్పుడు దేవదాసు తుమ్మాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. దుమ్ము అన్నాడు. మిల్లుకు వెళ్ళి మేనేజరుతో అసలు సంగతి చెప్పేశాడట. "నువ్వెందుకు సదువలే" అని వాళ్ళు అడిగారట. ఒక్కసారే అడిగి ఊరుకున్నారట.

మొన్న ఇంగ్లండు నుంచి పంతులు పేరు మీద ఉత్తరం వచ్చింది. 'డియర్ మామయ్యా' అని మొదలైంది. వాడకట్టులో అందరికీ చూపించారు, నాకు రెండుసార్లు. తనకే వచ్చిన ఉత్తరం అయినా అలవాటు కొద్దీ ఆవిరి మీదే విప్పారు.

అంతటితో తృప్తి పడతారనుకున్నాను. నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా చెవిలో చెప్పారు.

"వీరేశం, ఒక పని జేసిపెట్టు. ఖాకీ అంగీ తొడుక్కో. గొంతు మార్చి మా తలుపు కొట్టు. కాయితం సూసి, 'సత్యానందం ఉన్నడా' అని అడుగు. నేను దొడ్ల దాసుకోని వింట. నా గురించి ఏం చెప్తదో ఒక్కసారి వినాలె."

ముప్పయ్యెనిమిదేళ్ళ కాపురం. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. కాదనలేకపోయాను.

పాఠకులారా, నా పరిస్థితి చూడండి. మరియమ్మ "ఉన్నడు, లోపటనే ఉన్నడు" అంటే ఆయన అన్నం ముట్టడు. ఆయన లెక్కలో తను 'మనోళ్ళ' జమ కాదు, పక్కింటి నా జమే. పోనీ, "సచ్చిపోయిండు, కలరా" అని ఏడ్చిందనుకోండి, ఆయన సంతోషానికి పట్టపగ్గాలుండవు. కానీ అంత కష్టపడి 'ఉన్నది' అనడం నేర్చుకున్న మనిషి చేత మళ్ళీ పాత మాట అనిపించిన పాపం నాది. ఏ గొంతుతో అడిగినా ఆమె చీలికలోంచి చూసి, "ఏంది వీరేశం, ఈ ఏశం?" అనే ప్రమాదమూ ఉంది.

నాకేమీ తోచడం లేదు. మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళున్నారు, తలుపులున్నాయి. కొట్టమంటారా, మానమంటారా? దయచేసి తొందరగా చెప్పండి. వడ్రంగిని పిలవమని మాత్రం చెప్పకండి, ఆయన వినరు. మళ్ళీ మబ్బు పట్టింది. పంతులు అప్పుడే దొడ్లో గోడ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూచున్నారు.